వంగితే టై రాడ్ వంగాలి, ఆర్మ్ విరగకూడదు

ప్రశ్న: మాది పాత జీపు. ముందు యాక్సిల్ ఒకటే దూలం, కింద కమాన్ పట్టీలు. రెండు ముందు చక్రాలనీ కలిపే అడ్డు కడ్డీ, అదే టై రాడ్, యాక్సిల్‌కి వెనక ఉంటుంది. 6.00-16 టైర్లు తీసేసి 31 అంగుళాల మడ్ టైర్లు వేయించాం. రిమ్ములు కూడా బయటికి వచ్చాయి. లంకలో ఒండ్రు కింద కప్పబడిపోయిన కొబ్బరి మొద్దులు తగిలి ఈ ఏడాది రెండుసార్లు టై రాడ్ వంగింది. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) రాడ్ వేసి, 25 మి.మీ. ప్లేటులోంచి కొత్త స్టీరింగ్ ఆర్మ్‌లు (టై రాడ్ కొసలని చక్రాల వైపు కలిపే చేతులు) కోసి ఇస్తామని లేత్ షాపువాళ్లు అంటున్నారు. వేయించమంటారా?
— ఒక పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: తొందరపడకండి. మొద్దు తగిలిన దెబ్బ టైరు దగ్గర ఆగిపోదు. నకిల్ (చక్రాన్ని మోస్తూ పక్కకి తిరిగే ముక్క), స్టీరింగ్ ఆర్మ్, బాల్ జాయింట్, టై రాడ్, డ్రాగ్ లింక్ (పిట్‌మన్ ఆర్మ్ కదలికని చక్రం వైపు చేరవేసే కడ్డీ), పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ షాఫ్టుకి బిగించిన చేయి), స్టీరింగ్ బాక్స్, చివరికి ఆ బాక్స్ బిగించిన ఛాసిస్ దాకా పోతుంది. వీటిలో ముందుగా లొంగేది ఏదో ఒకటి ఉండే తీరుతుంది. అది టై రాడ్ అయితేనే మంచిది. వంగిన టై రాడ్‌ని విప్పి, జాకీతో నొక్కి కాస్త సరిచేసుకుని మెల్లగా గట్టెక్కవచ్చు. ఆర్మ్ విరిగితే ఆ చక్రం ఎటు తిరిగితే బండి అటు పోతుంది. అది రావులపాలెం దగ్గర హైవే మీద జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. రెండుసార్లు వంగినా మిగతావి నిలిచాయంటే మీ బండిలో దెబ్బ తినే వరుస సరిగానే ఉంది. ఆ వరుస చెడకుండా రాడ్‌ని గట్టి చేయాలి.

అసలు ఎందుకు వంగుతోందో చూద్దాం. మొద్దు చక్రాన్ని వెనక్కి తన్నితే చక్రం ముందుభాగం బయటికి తిరుగుతుంది, ఆర్మ్ కొస లోపలికి వస్తుంది. రెండో చక్రం బురదలో బిగుసుకుని కదలదు. మధ్యలో టై రాడ్ నొక్కుడుకి గురై విల్లులా వంగుతుంది. దెబ్బ ఎంతో లెక్క వేయవచ్చు. కింగ్‌పిన్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు) గీత నేలను తాకేచోటు నుంచి టైరు మధ్యకు 8 సెం.మీ., ఆర్మ్ పొడవు 15 సెం.మీ. అనుకోండి. టైరుని 1 టన్ను బలంతో వెనక్కి తోస్తే రాడ్ మీద సుమారు 530 కిలోలు పడుతుంది. రిమ్ము బయటికి జరిగి ఆ 8 కాస్తా 12 అయితే అదే దెబ్బకి 800 కిలోలు. మొద్దు టైరు మధ్యలో కాక బయటి అంచుకి తగిలితే దూరం 22 సెం.మీ. దాకా పోతుంది, బలం దాదాపు టన్నున్నర. బండి వేగంలో ఉంటే ఇంకా ఎక్కువే. అందుకే మొదటి మరమ్మతు రాడ్‌కి కాదు, రిమ్ముకి. లోపలికి కూర్చునే రిమ్ము దొరికితే ముందు అది మార్చండి.

ఇక లోహం సంగతి. క్రోమోలీ అయినా మామూలు ఉక్కు అయినా సాగే గుణం దాదాపు ఒకటే. పొడవాటి సన్నని రాడ్ నొక్కుడుకి విల్లులా వంగడాన్ని ఆపేది మందం, అంటే బయటి వ్యాసం. ఉక్కు ఖరీదు దాన్ని పెద్దగా మార్చదు. బయట 25 మి.మీ., గోడ 3 మి.మీ., పొడవు 1.1 మీటర్లు ఉన్న గొట్టం పూర్తిగా తిన్నగా ఉంటే సుమారు 2.1 టన్నుల దగ్గర వంగుతుంది. ఒకసారి వంచి సరిచేసిన గొట్టంలో కంటికి కనపడని వంకర మిగిలి ఉంటుంది కాబట్టి అంతకంటే చాలా తక్కువకే లొంగుతుంది. మీ రాడ్ రెండోసారి వంగడానికి అదొక కారణం కావచ్చు. అదే పొడవులో 32 మి.మీ. వ్యాసం, 8 మి.మీ. గోడ ఉన్న అతుకు లేని గొట్టం తీసుకుంటే తట్టుకునే బలం దాదాపు 3.8 రెట్లు అవుతుంది. 32 మి.మీ. నిండు కడ్డీతో పోలిస్తే అందులో 94 శాతం గట్టిదనం వస్తుంది, బరువు పావు వంతు తగ్గుతుంది. ఎస్‌టీ 52 రకం సీమ్‌లెస్ గొట్టం చాలు. ఇది మితిమీరితే వంగుతుంది గానీ చటుక్కున తెగదు. మనకు కావలసింది అదే.

8 మి.మీ. గోడ చెప్పడానికి ఇంకో కారణం ఉంది. లోపలి రంధ్రం 16 మి.మీ. వస్తుంది. మీ బాల్ జాయింట్ మర ఎం18×1.5 అయితే రంధ్రాన్ని 16.5కి తోలించి నేరుగా మర కోయవచ్చు. చివర్లలో ముక్కలు పెట్టి వెల్డ్ చేయక్కర్లేదు. ముందు మర గేజ్‌తో మీ జాయింట్ కొలత చూసుకుని ఆ తర్వాతే గొట్టం కొనండి. ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉండాలి. అప్పుడు బండి కిందే రాడ్ తిప్పి టో (ముందు చక్రాలు ఎంత లోపలికి చూస్తున్నాయో ఆ కొలత) సరిచేసుకోవచ్చు. జాయింట్ మర లోపలికి కనీసం 27 మి.మీ. దిగాలి. పూర్తిగా బిగించినప్పుడు ఎంత దిగిందో రంగుతో గుర్తు పెట్టుకోండి. రెండు చివర్లా చెక్ నట్ తప్పనిసరి. రాడ్ లావెక్కింది కాబట్టి స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, చక్రాన్ని జాకీతో పైకీ కిందికీ కదిపి, డిఫరెన్షియల్ హౌసింగ్‌కీ కమాన్ పట్టీకీ ఎక్కడా తగలడం లేదని చూడండి.

టో కొలతకి దారం చాలు. బండిని చదునైన చోట రెండు మీటర్లు ముందుకు నడిపి ఆపండి. టైరు ముందు వైపు, వెనక వైపు ఒకే ఎత్తులో నడిగీత నుంచి నడిగీతకు కొలవండి. ముందు కొలత వెనకదానికంటే 1 నుంచి 3 మి.మీ. తక్కువ ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు ఆర్మ్‌లు. కంపెనీ ఆర్మ్ ఫోర్జింగ్‌లో, అంటే కాల్చి అచ్చులో కొట్టి, తయారైనది. ఉక్కు నార దాని ఒంపు వెంటే పారుతుంది. ప్లేటులోంచి గ్యాస్‌తో కోసిన ఆర్మ్‌కి ఆ నార ఒంపు దగ్గర తెగిపోతుంది. మంట తగిలిన అంచు గట్టిపడి పెళుసవుతుంది, అక్కడి చిన్న గాటు నుంచే పగులు మొదలవుతుంది. మందం 25 మి.మీ. అన్నంత మాత్రాన నమ్మకండి. మీ ఆర్మ్‌లు బాగుంటే అవే ఉంచండి. బాగున్నాయో లేదో పగుళ్ల స్ప్రేతో తేలుతుంది. శుభ్రంగా తుడిచి, ఎర్ర ద్రవం కొట్టి పది పదిహేను నిమిషాలు ఆగండి. పైపైన తుడిచి తెల్ల పొడి కొట్టండి. మెడ దగ్గరో, బాల్ జాయింట్ కూర్చునే టేపర్ (ఒక వైపు సన్నబడే) రంధ్రం అంచునో ఎర్రగీత తేలితే ఆ ఆర్మ్ తుక్కులో వేయాల్సిందే.

టై రాడ్‌ని పైకి తేవడానికి కొత్త ఆర్మ్‌లు తప్పనిసరి అయితే ఈఎన్ 19 (క్రోమోలీ రకం ఉక్కు) దిమ్మె తీసుకుని రంపంతో కోసి మిల్లింగ్ చేయించండి. పొడవు దిశ రోలింగ్ దిశ వెంటే ఉండాలి. లోపలి మూలల్లో 8 మి.మీ.కి తగ్గని గుండ్రదనం ఇవ్వాలి, అంచులన్నీ నునుపు చేయాలి. బోల్టులు 10.9 గ్రేడు. బోల్టుల మీద కోత పడకుండా నకిల్‌కీ ఆర్మ్‌కీ మధ్య డోవెల్ పిన్నులు (రెండూ జరగకుండా పట్టే బిగువైన పిన్నులు) ఉండాలి. క్రోమ్ పూత మాత్రం వద్దు. పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోపలికి చేరి గట్టి ఉక్కుని పెళుసు చేస్తుంది. మందపాటి పౌడర్ కోటింగూ వద్దు, దాని కింద పగులు కనపడదు. పల్చని ప్రైమర్ చాలు.

ఒక హెచ్చరిక. రాడ్ గట్టిపడ్డాక తర్వాతి దెబ్బ బాల్ జాయింట్‌కీ స్టీరింగ్ బాక్స్ బిగింపుకీ వెళ్తుంది. నెలకోసారి బాక్స్ చుట్టూ ఛాసిస్ కడిగి చూడండి. బోల్టు రంధ్రం నుంచి వెంట్రుకంత గీత కనిపించినా బండి ఆపాలి.

ప్రశ్న: మూడు అంగుళాలు ఎత్తు పెంచాక గుంటలో పడినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే పక్కకి లాగుతోంది. డ్రాగ్ లింక్ అడ్డంగా ఉన్న బండి. వంపు పిట్‌మన్ ఆర్మ్ వేస్తే పోతుందా?
— ఒక పాఠకురాలు, ముమ్మిడివరం

జవాబు: తగ్గుతుంది, కానీ దానికి మూల్యం ఉంది. ఎత్తు పెరిగేసరికి డ్రాగ్ లింక్ ఏటవాలు అయింది. యాక్సిల్ పైకి లేచినప్పుడు లింక్ అడ్డు కొలత మారి చక్రాన్ని తోస్తోంది. కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ లింక్‌ని కొంత చదును చేస్తుంది. అయితే జాయింట్ కిందికి దిగినకొద్దీ స్టీరింగ్ బాక్స్ షాఫ్టుని మెలితిప్పే బలానికి తోడు పక్కకి వంచే బలమూ పెరుగుతుంది. మూడు అంగుళాల దాకా ఒప్పుకోవచ్చు. అంతకు మించితే నకిల్ వైపు ఎత్తైన ఆర్మ్ పెట్టి లింక్‌ని పైకి తేవడమే మేలు. ఉన్న పిట్‌మన్ ఆర్మ్‌ని గ్యాస్ మంటతో కాల్చి వంచడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. దానికి కంపెనీ ఇచ్చిన పదును ఆ మంటతో పోతుంది.

ఎత్తైన ఆర్మ్‌తో పాటు టై రాడ్‌ని యాక్సిల్ ముందుకి తెస్తే ఒక చిక్కు. వెనక ఉన్నప్పుడు ఆర్మ్ కొసలు కింగ్‌పిన్‌ల కంటే లోపలికి ఉంటాయి. ముందుకి తెచ్చినప్పుడు బయటికి ఉండాలి. లేకపోతే మలుపులో లోపలి చక్రం తిరగాల్సినంత తిరగదు, టైరు ఈడ్చుకుపోతుంది. చాలా రిమ్ముల్లో అంత చోటు ఉండదు. ముందే కొలిచి చూసుకోండి.

ప్రశ్న: రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండి. బాల్ జాయింట్‌ల బదులు రేసు బండ్లకు వేసే రాడ్ ఎండ్‌లు వేద్దామనుకుంటున్నాం.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: వద్దు. వాటికి రబ్బరు తొడుగు ఉండదు. చెరువు గట్టు మీది ఉప్పు మట్టి బంతికీ గిన్నెకీ మధ్య చేరి ఆకురాయిలా అరగదీస్తుంది, త్వరగా వదులవుతాయి. గ్రీజు నిపుల్, తొడుగు ఉన్న పెద్ద సైజు బాల్ జాయింట్‌లే మీకు సరి. ఉప్పు నీళ్లలో తిరిగిన రోజునే కాలువ మంచినీళ్లతో కడిగి, పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించండి. నీటికి తట్టుకునే కాల్షియం గ్రీజు బాగుంటుంది. తొడుగు చిరిగితే అదే వారం మార్చండి.

ప్రశ్న: ఆర్మ్‌లో టేపర్ రంధ్రం వదులైంది. వెల్డ్ పూసి మళ్లీ తోలించవచ్చా?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: కూడదు. ఆర్మ్ మార్చండి. వెల్డింగ్ వేడికి రంధ్రం చుట్టూ ఉక్కు పెళుసవుతుంది. కొత్తది వేసేటప్పుడు జాయింట్ టేపరూ ఆర్మ్ టేపరూ ఒకటేనా చూడండి, అన్ని బండ్లకీ ఒకే కోణం ఉండదు. టేపర్ మీద నీలం మార్కింగ్ పల్చగా రాసి, కూర్చోబెట్టి తీయండి. ముప్పావు వంతుకు పైగా సమంగా అంటుకుంటే సరి. ఒక అంచునే అంటితే అది నట్టు బలం మీద నిలబడ్డట్టు, మళ్లీ వదులవుతుంది. కాజిల్ నట్టుని చెప్పిన టార్క్‌కి బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి. వదులు చేసి కలపకూడదు.

ప్రశ్న: ఈ మార్పులకి అనుమతి కావాలా?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అరిగిన టై రాడ్ స్థానంలో కంపెనీ కొలతల్లో కొత్తది వేయడం మరమ్మతు. ఎత్తు, టైరు సైజు, స్టీరింగ్ అమరిక మార్చడం వేరే సంగతి. పని మొదలుపెట్టకముందే ఆర్టీవో కార్యాలయంలో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.