కోడ్‌తో పొడుపు కథలు

ప్రశ్న: మా పిల్లలకు పైథాన్ నేర్పుతున్నాను. లూపులు, ఫంక్షన్లు రాయగలుగుతున్నారు గానీ, ఇతరులు రాసిన కోడ్ చదవమంటే విసుక్కుంటున్నారు. కోడ్‌నే పొడుపు కథలా అడిగే ఆటలు ఎలా తయారుచేయాలి?

జవాబు: విప్పలేకపోయినవారికి కూడా జవాబు వినగానే ‘అయ్యో, తట్టలేదే!’ అనిపించేదే మంచి పొడుపు కథ. కోడ్‌తో కట్టేదానికీ అదే కొలత. పైథాన్ 3లో, దశాంశ సంఖ్యను దగ్గరి పూర్ణసంఖ్యగా మార్చే రౌండ్ ఫంక్షన్ తీసుకుని, రౌండ్(3.5) ఎంత అని అడగండి, 4 అంటారు, అది సరైనదే. వెంటనే రౌండ్(2.5) అడిగితే ధీమాగా 3 అంటారు, కంప్యూటర్ మాత్రం 2 చూపిస్తుంది. రెండు పూర్ణసంఖ్యలకు సరిగ్గా నడుమ ఉన్నదాన్ని పైథాన్ సరిసంఖ్య వైపు జరుపుతుందన్న నియమాన్ని మీరు బయటపెట్టకుండా, 0.5, 1.5, 4.5 ఇచ్చి వాళ్లచేతనే పట్టించండి. ఈ ఆటలో అసలు రుచి అక్కడే ఉంది. అయితే ప్రోగ్రామ్ నడిపే ముందే ప్రతి ఒక్కరూ తమ ఊహను కాగితం మీద రాసి తీరాలి.

మరో రకం ఆటలో పేర్లు దాచాలి. ఇచ్చిన సంఖ్యను 10తో భాగించి, శేషాన్ని ఒక మొత్తానికి కలుపుతూ, భాగఫలాన్ని ఆ సంఖ్య స్థానంలో ఉంచుతూ, అది సున్నా అయ్యేదాకా తిరిగే లూపు రాసి, వేరియబుల్స్‌కు అర్థంలేని పేర్లు పెట్టి, ‘ఇది ఏం చేస్తోంది?’ అని అడగండి. 472 ఇస్తే 13 ఎందుకొచ్చిందో ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్తే, అది అంకెల మొత్తమని పిల్లలే కనిపెడతారు. కోడ్ ఉద్దేశాన్ని ఇలా మరుగుపరచడంలో సీ భాషకు 1984లోనే అంతర్జాతీయ పోటీ మొదలైంది.

సీ భాషలో ఒకే వాక్యంలో ఒకే వేరియబుల్‌ను రెండుసార్లు పెంచి ఫలితమెంత అని అడిగే ప్రశ్నలను మాత్రం దయచేసి రానివ్వకండి. వాటికి ఇదీ ఫలితమని ఆ భాషా ప్రమాణమే నిర్ణయించలేదు కనుక ఒక కంపైలర్ (కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే ప్రోగ్రామ్) ఇచ్చిన జవాబును మరో కంపైలర్ ఇవ్వకపోవచ్చు. ఎంత ఆలోచించినా విప్పలేనిదాన్ని పిల్లల ముందు పెట్టడం అన్యాయం.

కొన్నాళ్లయ్యాక పొడుపు కథ వేసే వంతు వాళ్లకే ఇవ్వండి. ఎదుటివారు ఏ లైను దగ్గర పొరపడతారో ఊహించవలసి వచ్చినప్పుడు, మీరు చదవమని అడగకుండానే ప్రతి లైనునూ రెండేసిసార్లు చదువుతారు.