ఆన్‌లైన్ గేమ్‌లో గోల్డ్‌ను, అంటే ఆటలోని డబ్బును, నిజమైన డబ్బుకు అమ్మేవాళ్లను రిపోర్ట్ చేస్తే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, కానీ వెంటనే కనిపించదు. చాట్‌లో ప్రకటనలు గుప్పించే అకౌంట్ పోయినా అమ్మేవాడికి పెద్ద నష్టం లేదు, అది ఎలాగూ పారేసేదే. అసలు సరుకు వేరే అకౌంట్లలో ఉంటుంది. అందుకే చాలా కంపెనీలు గోల్డ్ ఎవరి నుంచి ఎవరికి వెళ్తోందో లాగ్‌లలో చూసుకుని, కొన్నాళ్లు ఆగి, గుంపుగా బ్యాన్ చేస్తాయి. వెంటనే వేటు వేస్తే ఎక్కడ దొరికిపోయారో బాట్‌లు (గోల్డ్ పోగెయ్యడానికి తమంతట తామే ఆడే ప్రోగ్రామ్‌లు) రాసేవాళ్లకు తెలిసిపోతుంది మరి.

ఈ అమ్మకాలు ఆపడానికి రూన్‌స్కేప్ అనే గేమ్ 2008లో ఆటగాళ్ల మధ్య ట్రేడింగ్‌నే కట్టడి చేసింది. మామూలు ఆటగాళ్లు గగ్గోలు పెట్టారు, 2011లో ఎత్తేశారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే మరో గేమ్ 2015 నుంచి తానే టోకెన్ అమ్ముతోంది; దాన్ని నిజమైన డబ్బుతో కొని, ఆటలో గోల్డ్‌కు అమ్ముకోవచ్చు. నాకైతే ఇదే తెలివైన పనిగా అనిపిస్తుంది.

గేమ్‌లోని రిపోర్ట్ బటనే వాడండి. గోల్డ్ అమ్మేవాళ్లిచ్చే లింక్ మాత్రం తెరవొద్దు, అలాంటి చోట పాస్‌వర్డ్‌లు పోయే ప్రమాదం ఉంది.