సిండీ షెర్మన్ ఫొటోల్లో ఉన్నది ఆమే కదా, మరి అవి ఆత్మచిత్రాలేనా?

కావు, అమెరికన్ ఫొటోగ్రాఫర్ సిండీ షెర్మన్ తన ఫొటోల్లో తానే కనిపించినా అక్కడ ఆమె వేరే మనిషి వేషంలో ఉన్న నటి. 1977 నుంచి 1980 వరకు తీసిన నలుపు తెలుపు ‘అన్‌టైటిల్డ్ ఫిల్మ్ స్టిల్స్’ అనే ఫొటోల వరుసలో విగ్గులు, మేకప్, బట్టలు మార్చుకుంటూ, పాత సినిమాలు ఆడదాన్ని ఏయే మూసల్లో చూడాలని కోరుకున్నాయో వాటన్నిటినీ వేసి చూపించారు. 48వ ఫొటో చూడండి: మసక వెలుతురు, ఖాళీ రోడ్డు, పక్కన పెట్టె, మనకు వీపు తిప్పి నిలబడ్డ అమ్మాయి. ముఖమే కనిపించదు. అయినా ఆమె ఎవరికోసం ఎదురుచూస్తోందో, ఎక్కడికి పారిపోతోందో మనం కథ అల్లేస్తాం. ఆ కథలోని కోరికా భయమూ మనవే, ఈ ఫొటోల గొప్పతనమంతా నాకు అక్కడే కనిపిస్తుంది. ఇవి ఏవో నిజమైన సినిమాల్లోని దృశ్యాలని కూడా చాలామంది పొరబడతారు. అలాంటి సినిమాలేవీ లేవు.