నవాసాగరం మిఠాయి, దూడ నాట్యం

స్వీడన్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు మొదటి నెలలో ఇంటి అద్దె గురించి, బ్యాంకు ఖాతా గురించి అడుగుతారు. మూడో నెలలో అడిగే ప్రశ్న వేరు. దాన్ని కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "వీళ్లు ఇవన్నీ ఎలా తింటారండీ? పక్కన కూర్చుంటేనే నాకు కడుపులో తిప్పుతోంది. వద్దంటే ఏమనుకుంటారో!" మొన్న ఈ మాట అడిగింది గుంటూరు నుంచి వచ్చిన అమ్మాయి. ఆఫీసులో ఎవరో ప్రేమగా ఒక నల్లని మిఠాయి చేతిలో పెట్టారట. నోట్లో వేసుకున్నాక ఉమ్మలేక, మింగలేక కళ్ల వెంట నీళ్లు వచ్చాయట.

ఆ మిఠాయి పేరు సాల్ట్‌లక్రిట్స్. అతిమధురం వేరు రసంలో అమ్మోనియం క్లోరైడ్ కలిపి చేస్తారు. అమ్మోనియం క్లోరైడ్ అంటే మన నవాసాగరమే. నా చిన్నప్పుడు మా వీధిలోకి కళాయి పూసే ఆయన వచ్చేవాడు. ఇత్తడి గిన్నెను కొలిమి మీద బాగా కాల్చి, చిటికెడు నవాసాగరం చల్లి, తగరం రాసి, దూదితో గిన్నె అంతా తిప్పి తుడిచేవాడు. గుప్పున లేచే తెల్లటి పొగ ముక్కును గుచ్చేది. ఆ ఘాటుకు నా మనసులో గిన్నెల దగ్గరే చోటు, భోజనం దగ్గర లేదు. ఇక్కడి పిల్లలకు అదే ఘాటు శనివారపు సంబరం. మిఠాయి వారానికి ఒక్కరోజు, శనివారం కొనిపెట్టడం ఈ దేశంలో ఆనవాయితీ. నాలుగేళ్ల వయసులో నాన్న చెయ్యి పట్టుకుని దుకాణానికి వెళ్లి, కాగితం సంచిలోకి ఒక్కొక్కటే ఏరుకున్న రుచి అది. ఉన్న పదార్థం ఒకటే. ఎవరి చేతి మీదుగా మొదట మన దగ్గరికి వచ్చింది అన్న దాంట్లోనే తేడా అంతా ఉంది.

తీపి ఇష్టం, చేదు అయిష్టం పుట్టుకతో వస్తాయి. అసహ్యం అలా రాదు. పాకే పిల్లవాడు నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. "ఛీ, పారేయి" అని మనం మొహం చిట్లించి చెప్పగా చెప్పగా నేర్చుకుంటాడు. 2001లో రేచెల్ హెర్జ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు చేసిన ప్రయోగం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ఐసోవలెరిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు కలిపి వాసన చూపించారు. ఒకసారి అది పార్మెసాన్ చీజ్ అన్నారు, ఇంకోసారి వాంతి అన్నారు. చీజ్ అన్నప్పుడు బాగుందన్నవాళ్లే వాంతి అనగానే మొహం తిప్పుకున్నారు. ముక్కు తెచ్చిన కబురు ఒకటే అయినా మనసు దానికి పెట్టుకున్న పేరును బట్టి నోరు ఊరుతుంది, లేదా కడుపు తిప్పుతుంది.

ఆ బ్యుటిరిక్ ఆమ్లమే ముక్కిపోయిన వెన్నలో ఉంటుంది. ఇక్కడి సుర్‌స్ట్రోమ్మింగ్‌లోనూ ఉంటుంది. ఆగస్టు వచ్చిందంటే కొత్తవాళ్లందరూ దీని గురించే భయపడతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇది బాల్టిక్ సముద్రంలో దొరికే హెర్రింగ్ చేప. వసంతంలో పట్టి, చేప కుళ్లకుండా ఉండేందుకు సరిపడా మాత్రమే ఉప్పు వేసి, పీపాల్లో పులియబెట్టి, తరువాత డబ్బాల్లో నింపుతారు. డబ్బాలోనూ పులుస్తూనే ఉంటుంది. అందుకే డబ్బా రెండు వైపులా మద్దెలలా ఉబ్బుతుంది. ఆగస్టు మూడో గురువారం నుంచి కొత్త సరుకు తినడం సంప్రదాయం.

ఉత్తర తీరంలో ఒక సహోద్యోగి వేసవి ఇంట్లో దీన్ని మొదటిసారి చూశాను. ఇంటి పెద్దాయన డబ్బాను పెరట్లో దూరంగా తీసుకెళ్లి, గాలి మా వైపు వీచకుండా చూసుకుని, బకెట్టు నీళ్లలో ముంచి తెరిచాడు. బుస్సుమని బుడగలు వచ్చాయి. ఆ వాసన నేను చెప్పను, మీరే చూస్తారు. ఆయన మాత్రం పల్చటి రొట్టె మీద వెన్న రాసి, ఉడికించిన బంగాళాదుంప ముక్కలు పరిచి, పచ్చి ఉల్లిపాయ చల్లి, పైన చిన్న చేప ముక్క పెట్టి, మడిచి, కళ్లు మూసుకుని తిన్నాడు. తరవాణిలో అన్నం కలుపుకుని, ఉల్లిపాయ కొరుకుతూ మా నాయనమ్మ కళ్లు మూసుకునేది సరిగ్గా అలాగే. నేను గోరంత ముక్క తిన్నాను. ఉప్పగా, పుల్లగా, మెత్తగా ఉంది. వాసన భయపెట్టినంతగా రుచి భయపెట్టలేదు. ఎండుచేపల పులుసు తిని పెరిగినవాళ్లకు ఇది నేను అనుకున్నంత దూరపు చుట్టం కాదు.

ఇప్పుడు అసలు సలహా. ఇక్కడివాళ్లు మనలా బలవంతపెట్టరు. "ఇంకొక్క ముద్ద" అనే మాట ఈ దేశంలో లేదు. "నై తాక్", అంటే "వద్దండీ" అని ఒక్కసారి చెబితే చాలు, మళ్లీ అడగరు, చిన్నబుచ్చుకోరు. అందువల్ల కావాలనుకుంటే మాత్రం మొహమాటపడకుండా మొదటిసారే అవుననండి. వద్దన్నా పరవాలేదు గాని, మొహం మాత్రం చిట్లించవద్దు. ఆ పళ్లెంలో ఉన్నది వాళ్ల నాయనమ్మ జ్ఞాపకం.

అసహ్యం వేరు, నియమం వేరు. శాకాహారులు అలవాటు చేసుకోవాల్సిన అవసరం ఏమీ లేదు, నిర్భయంగా అడగండి. చాలా మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది, అది తరచుగా పంది నుంచి తీసిందే. చాక్లెట్ కేకులా కనిపించే ముదురు రంగు ముక్కలను ఎర్రటి లింగాన్ పండ్ల జామ్‌తో పెడితే అది బ్లూడ్‌పుడ్డింగ్ కావచ్చు. పంది రక్తంతో చేస్తారు. తెలంగాణలో నల్ల (మేక రక్తం) వేపుడు తినేవాళ్లు దీన్ని చూసి ఉలిక్కిపడరు. పడాల్సింది జామ్‌ను చూసి!

తినాలని ఉంటే ఫిల్ అనే పులిసిన పాలతో మొదలుపెట్టండి. మన పలుచని పెరుగే. లోంగ్‌ఫిల్ అని ఇంకో రకం ఉంది, చెంచాతో ఎత్తితే తీగలు సాగుతుంది. బెండకాయ జిగురును ఇష్టంగా జుర్రుకునే మనకు పాలు సాగితే ఒళ్లు జలదరించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తీపి నీళ్లలో ఊరిన హెర్రింగ్‌ను చివరికి ఉంచుకోండి. చేపలో చక్కెర మన నాలుకకు చాలా కష్టం. జ్వరంగా ఉన్నప్పుడు, కడుపు బాగాలేనప్పుడు కొత్త తిండి జోలికి వెళ్లవద్దు. ఆ పూట తిన్నదాని మీద, తప్పు దానిది కాకపోయినా, ఏళ్ల తరబడి విముఖత ఉండిపోతుంది.

మనం మొహం చిట్లించినట్టే మనల్ని చూసి చిట్లించేవాళ్లూ ఉంటారు. ఇక్కడ బడిలో పిల్లలందరికీ వేడి భోజనం ఉచితం, విహారానికి వెళ్లే రోజు మాత్రం కొన్నిసార్లు ఇంటి నుంచి తీసుకెళ్లాల్సి వస్తుంది. అలాంటి ఒక రోజు మా అమ్మాయికి పులిహోర పెట్టి పంపాను. ఇంగువ పోపు ఘుమఘుమలాడుతోంది. డబ్బా మూత తీయగానే ఎవరో ముక్కు మూసుకున్నారట. సాయంత్రం డబ్బా నిండుగా తిరిగొచ్చింది. తరువాత విహారానికి, "రొట్టె, చీజ్ చాలమ్మా" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ పిల్లలతో వాదించాలని అనిపించలేదు. ఇద్దరిని ఇంటికి పిలిచి వేడి గారెలు పెట్టాను. తిన్నాక ఇంగువ డబ్బా తెచ్చి వాసన చూపించి, దాని స్వీడిష్ పేరు చెప్పాను: డ్యూవెల్‌స్ట్రెక్. దయ్యం పెంట అని అర్థం. పూర్వం ఇక్కడి మందుల దుకాణాల్లో అమ్మేవాళ్లు. పిల్లలు డబ్బాను ఒకరి ముక్కు దగ్గర ఒకరు పెట్టుకుని కేకలు వేశారు, మళ్లీ మళ్లీ అడిగి చూశారు. ముక్కు మూసుకున్న వాసనే ఆ సాయంత్రం ఆటవస్తువు అయింది. మా అమ్మాయి పులిహోర మళ్లీ తీసుకెళ్లడానికి ఇంకో ఏడాది పట్టింది, తొందరపెట్టలేదు.

పోయిన వసంతంలో దక్షిణాన స్మోలాండ్‌లో పుట్టిపెరిగిన మా పొరుగావిడ ఒక చిన్న గిన్నె పట్టుకుని తలుపు దగ్గర తటపటాయిస్తూ నిలబడింది. "ఇది మీకు వింతగా అనిపిస్తుందేమో. ఆవు ఈనిన వెంటనే తీసిన పాలతో చేస్తారు. ఈ మాట వినగానే చాలామంది వద్దంటారు" అంది. దాని పేరు కాల్వ్‌దాన్స్, అంటే దూడ నాట్యం. ఓవెన్‌లో గట్టిపడిన, లేత పసుపు రంగు జున్ను! మా అమ్మాయి చెంచా నోట్లో పెట్టుకుని, "అమ్మమ్మ చేసేదే. మిరియాలు మరిచిపోయారు" అంది.

పొరుగావిడ మిగిలిన పాలు ఒక సీసాలో ఇచ్చింది. మొదటి పూట పాలు చిక్కగా ఉంటాయి కనుక మామూలు పాలు కలిపి, బెల్లం కరిగించి పోసి, మిరియాలు, ఏలకులు దంచి వేసి, ఆవిరి మీద ఉడికించి ఆమె గిన్నెలోనే తిరిగి పంపాను. రెండు రోజుల తరువాత గిన్నె ఖాళీగా, కడిగి, వచ్చింది. లోపల చిన్న చీటీ. ఊళ్లో రైతు దగ్గర ఇంకో ఆవు మే నెలలో ఈనుతుందట, ఈసారి రెండు సీసాలు తెస్తానని, మిరియాలు ఎన్ని వేశారో చెప్పమని రాసింది.