ఏ ప్రతాపరుద్రుడు?

చిరంజీవికి ఆశీస్సులు.

కాకతీయుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యంలో ఊపు ఉంది, చదివిస్తుంది. కానీ వేయిస్తంభాల గుడి కట్టించిన ప్రతాపరుద్రుణ్ణే తీసుకెళ్లి, చివరి పేజీలో ఢిల్లీ సైన్యానికి బందీని చేశావు. గుడి శాసనం 1163 నాటిది. ఓరుగల్లు పడింది 1323లో. మధ్యలో 160 ఏళ్లున్నాయి. గుడి కట్టించినవాడు రెండో ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు. కొన్ని పుస్తకాలు ఆయన్ని మొదటి ప్రతాపరుద్రుడంటాయి. బందీగా పోతూ నర్మద ఒడ్డున ప్రాణం విడిచినవాడు రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ కొడుకు. నర్మద ఒడ్డున పోయిన సంగతి, ఓరుగల్లు పడ్డాక వచ్చిన ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతోంది. 'నీతిసారం' మొదటాయన పేరు మీద ఉంది. విద్యానాథుడి 'ప్రతాపరుద్రీయం' కీర్తించింది రెండో ఆయన్ని. నువ్వు రెండూ ఒకరికే కట్టబెట్టావు.

మొదటి, రెండవ అనే అంకెలు శాసనాల్లో ఉండవు. అవి చరిత్రకారులు మన సౌకర్యం కోసం తగిలించినవి, పుస్తకానికీ పుస్తకానికీ లెక్క మారుతుంది. అందుకని అంకెను నమ్ముకోకు. మనిషి మొదటిసారి వచ్చినచోట తండ్రి పేరుతోనో తల్లి పేరుతోనో రాయి: 'ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు', 'ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు'. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనకు ఇప్పటికీ ఉందిగా. బేతరాజు కొడుకు ప్రోలరాజు, అతని కొడుకు మళ్లీ బేతరాజు, అతని కొడుకు మళ్లీ ప్రోలరాజు. అమ్మ తరఫు తాతల పేర్లూ వస్తాయి. వేంగి రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ, తంజావూరి రాజరాజచోళుడి కూతురు. ఆ చోళుడి అక్క పేరు కూడా కుందవ్వే.

ఇక పని పద్ధతి. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం పెట్టుకో. దాని మీద తండ్రి, తల్లి, ఊరు, శకవర్షం, బిరుదులు రాసుకో. ఏదైనా సంఘటన దొరికితే, వీటిలో కనీసం రెండు కలిసేదాకా ఆ కాగితం మీదికి ఎక్కించకు. పేరు కలవడాన్ని ఆ రెండింటిలో లెక్కేయకు.

తేదీ దగ్గర ఎక్కువమంది జారిపడతారు. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరూ చెబుతారు. అది ఉగాది నుంచి డిసెంబరు దాకానే. జనవరి మొదలు, అంటే సుమారుగా పుష్యం నడిమి నుంచి ఫాల్గుణం చివరిదాకా 79 కలపాలి. వేయిస్తంభాల గుడి శాసనంలో శకం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి అని ఉంది. 78 కలిపి 1162 అని రాసేవాళ్లున్నారు. మాఘం కాబట్టి అది 1163 జనవరి. అరవై ఏళ్ల పేర్ల వరసలో ఏడు పేరు సరిపోయిందో లేదో చూడాలంటే శకవర్షానికి 12 కలిపి 60తో భాగించు: 1096లో శేషం 16, ప్రభవ నుంచి పదహారోది చిత్రభాను. సరిపోయింది. ఒకటి తేడా వస్తే, శాసనం గడిచిన ఏడును లెక్కపెట్టిందా, నడుస్తున్న ఏడునా అని చూడు.

అదే చిత్రభాను 1282లో కూడా వచ్చింది. అప్పుడు సింహాసనం మీద ఉన్నది రుద్రమదేవి. శాసనాల్లో ఆమెనూ 'రుద్రదేవ మహారాజు' అని రాశారు! శకం చెరిగిపోయి ఏడు పేరూ, రాజు పేరూ మాత్రమే మిగిలిన రాయి నీకు ఎదురైతే తొందరపడకు. తిథీ వారమూ కలిపి పంచాంగ గణితంతో సరిచూస్తే చాలాసార్లు ఒక ఏడు పక్కకు తప్పుకుంటుంది. దానం ఇచ్చిన సామంతుడి పేరు ఉంటే అదీ పట్టుకో.

కాలమూ ఊరూ కూడా సాయపడని చోట్లుంటాయి. పదమూడో శతాబ్దపు నెల్లూరే తీసుకో. భారతం రాసిన తిక్కన సోమయాజి కొమ్మన కొడుకు. కాటమరాజుతో పోరులో ఒరిగాడని కథలు చెప్పే ఖడ్గ తిక్కన, సోమయాజి పెదతండ్రి సిద్ధన కొడుకు. వాళ్ల ప్రభువు మనుమసిద్ధి తండ్రి పేరు తిక్కరాజు. ముగ్గురినీ విడదీసేది తండ్రి పేరూ, వృత్తీ మాత్రమే. ఈ కుటుంబ వివరాలు కేతన 'దశకుమారచరిత్ర'లో ఉన్నాయి, మూలమే చదువు. అక్కడా జాగ్రత్త: తిక్కన పెదతండ్రుల్లో ఒకాయన పేరు కేతనే, కవి వేరు.

యుద్ధం పేరు చూసి మనిషిని తేల్చకు. కాకతీయులకూ దేవగిరి యాదవులకూ జరిగిన పోరుల్లో ఇద్దరు మహాదేవులున్నారు. ఒకరు రుద్రదేవుడి తమ్ముడు, యాదవుల చేతిలో పోయినవాడు. రెండో ఆయన యాదవ రాజు, రుద్రమ కాలంలో దండెత్తి వచ్చినవాడు. 'మహాదేవుడు ఓడిపోయాడు' అని ఊరికే రాస్తే ఏ పక్షం ఓడిందో పాఠకుడికి తెలియదు. కృష్ణదేవరాయలతో తలపడిన ప్రతాపరుద్రుడు మళ్లీ వేరు. ఆయన ఒడిశాలోని కటకం ఏలిన గజపతి, పురుషోత్తముడి కొడుకు. ఓరుగల్లు పడ్డాక దాదాపు రెండు శతాబ్దాలకు వచ్చాడు. ఆయన్ని ఎప్పుడూ గజపతి అనే మాటతో కలిపే రాయి.

ఎంత వెతికినా తేలకపోతే, రాయి మీద ఉన్నట్టే 'రుద్రదేవ మహారాజు' అని రాసి, ఏ ఇద్దరు కావచ్చో, ఎందుకు తేలలేదో పాదసూచికలో చెప్పు. ఏదో ఒకటి ఎంచుకుని కథ అల్లావంటే, రేపు నీ వ్యాసాన్నే ఆధారంగా చూపించి ఇంకొకరు రాస్తారు.

ఆశీస్సులతో.