కోకోపీటా, పెర్లైటా అని అడిగావు కదా

అమ్మాయ్, మట్టి లేకుండా కుండీలో మొక్క పెంచడానికి ఈ రెంటిలో ఏది మంచిదంటే ముందు నీ చెయ్యి ఎలాంటిదో చెప్పు. రోజూ మొక్క కనబడగానే నీళ్లు పోసేసే రకమా, గుర్తొచ్చినప్పుడు పోసే రకమా? నేను మిశ్రమం కలిపేది అది చూసే.

వేరుకీ ఊపిరాడాలి. ఆక్సిజన్ గాలిలో పాకినంత వేగంగా నీళ్లలో పాకదు, దాదాపు 10,000 రెట్లు నెమ్మది, అందుకే సందులన్నీ నీళ్లతో నిండిపోయిన కుండీలో వేరు ఊపిరాడక, పిథియం లాంటి కుళ్లు తెగుళ్లకి సులువుగా దొరికిపోతుంది. అందరూ ఎరువు గురించే టెన్షన్ పడతారు, గాలి సంగతి ఎవరికీ పట్టదు!

కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు, నీళ్లని బాగా పట్టుకుంటుంది, మతిమరుపు వాళ్లకి అదే దిక్కు. కానీ అందులో సోడియం, పొటాషియం ఉప్పులు ఉంటాయి. కడిగితే కొంత పోతాయి, పీచుని అంటిపెట్టుకున్నవి మాత్రం కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో నానబెడితేనే వదులుతాయి. అది చేయకపోతే మొక్కకి నువ్విచ్చే కాల్షియాన్ని కోకోపీటే లాగేసుకుంటుంది. పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజురాయి, సుమారు 900 డిగ్రీల వేడికి పేలాల్లా ఉబ్బుతుంది. గాలి దండిగా ఇస్తుంది, పోషకాలు మాత్రం పట్టి ఉంచదు. సంచి విప్పగానే తడిపెయ్, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. వర్మిక్యులైట్ (వేడికి ఉబ్బించిన అభ్రకం లాంటి ఖనిజం) నారుకి బాగుంటుంది గానీ గట్టిగా అదిమావంటే అణిగిపోతుంది. రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూది లాంటి పీచు) పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత, మొదట్లో ఎక్కువ, 5.5 దగ్గర ఉన్న నీళ్లలో నానబెట్టాకే వాడు.

మామూలుగా నేనైతే ఏడు పాళ్లు కోకోపీట్, మూడు పాళ్లు పెర్లైట్ కలుపుతాను. నీది నీళ్లు పోసే చెయ్యైతే సగం సగం.

నా మాట నమ్మక్కర్లేదు, నువ్వే కొలిచి చూడు. కుండీ రంధ్రాలు మూసి, తడిపి సర్దిన మిశ్రమం నింపి, పైదాకా వచ్చేవరకు నీళ్లు మెల్లగా పొయ్యి, కాసేపాగి రంధ్రాలు తెరిచి కిందికి కారినవి పట్టు. 5 లీటర్ల మిశ్రమానికి 1 లీటరు కారిందంటే 20 శాతం గాలి ఉన్నట్టు, అది చాలా బాగున్నట్టే. 10 శాతం లోపుంటే పెర్లైట్ పెంచాలి. అన్నట్టు, పొట్టి కుండీలో ఇదే మిశ్రమం ఇంకా తడిగా ఉంటుంది, ఎందుకంటే ఏ కుండీకైనా అడుగున కొంత మేర నీళ్లు కారకుండా నిలిచిపోతాయి. అడుగున గులకరాళ్లు పోస్తే ఆ తడి పొర పైకి జరుగుతుందంతే, పోదు. కాస్త లోతైన కుండీ తీసుకో.

ఇందులో మట్టి లేదు కాబట్టి తిండంతా నువ్వు పెట్టాల్సిందే, పోషకాల నీళ్ల పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉంచు. కుండీ మార్చేటప్పుడు వేర్ల ముద్ద ఫొటో తీసి పంపు, అడుగు భాగం కనబడాలి. తెల్లగా, గట్టిగా ఉంటే సరే, గోధుమ రంగులో జిగురుగా ఉండి వాసనొస్తే నీళ్లు ఆపేసి నాకు ఫోన్ చెయ్.