తాతగారి 1971 యుద్ధం నాటి ఉత్తరాలు దొరికాయి, లామినేషన్ చేయించొచ్చా?

వద్దండి, దయచేసి చేయించకండి. మీకు దొరికినవాటిలాంటివే మా ఇంట్లో 31 ఉన్నాయి, మా తాతయ్య సైన్యం నుంచి రాసినవి. అందులో రెండు ఊళ్ళో షాపులో లామినేషన్ చేయించాం, కాగితం ప్లాస్టిక్‌కి అతుక్కుపోయింది, ఇంక జన్మలో ఊడదు, ఒకదాంట్లో అక్షరాలు కూడా అలుక్కుపోయాయి. ఆ రెండూ చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది. సెల్లోటేపూ అంతే, కొన్నేళ్ళకి గోధుమరంగు మరక అయిపోతుంది.

తుప్పు పట్టిన గుండుసూదులుంటే మెల్లగా తీసేయండి, మడతలు విప్పి రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకాలు పెడితే చాలు, ఇస్త్రీపెట్టె మాత్రం వద్దు. తర్వాత యాసిడ్ ఫ్రీ ఫోల్డర్లు (కాగితాన్ని పాడుచేసే ఆమ్లం లేనివి) ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటిల్లో పెట్టి చెమ్మ తగలని బీరువాలో దాచండి. స్కాన్ చేసేటప్పుడు అడ్రసు వైపు కూడా చేయండి, చాలామంది వదిలేస్తారు. 99 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని ఉంటే కలకత్తా మీదుగా తూర్పు వైపు వెళ్ళిన టపా, 56 ఏపీఓ అయితే ఢిల్లీ మీదుగా. తేదీ చెరిగిపోయిన ఒక కవరు మీద రెఫ్యూజీ రిలీఫ్ 5 పైసల స్టాంపు ఉంది, శరణార్థుల సాయం కోసం టపా మీద వేసిన ఆ పన్ను 1971 నవంబరు 15న మొదలైంది కాబట్టి కవరు ఆ తర్వాతదే అని తెలిసింది.

కానీ వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. మీ ఇంట్లో ఆ ఉత్తరాలు అందుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించండి, ఫోన్లో రికార్డు పెట్టి.

నేను మొదటిసారి చదివినప్పుడు యుద్ధం గురించి ఒక్క ముక్క లేదు. నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను, గేదె ఈనిందా, మనియార్డరు అందిందా, ఇంతే. ఎక్కడున్నారో రాయకూడదు సరే, కానీ అసలు సంగతి అమ్మమ్మ చెప్పింది. ఆవిడకి చదువు రాదు, ఉత్తరం వస్తే అరుగు మీద మాస్టారు పైకి చదివేవారంట, చుట్టూ పదిమంది. అందుకని తాతయ్య ఏదీ నేరుగా రాసేవాడు కాదు. ప్రతి ఉత్తరం చివర "పెరట్లో సన్నజాజి జాగ్రత్త, నీళ్ళు మర్చిపోకండి" అని ఉంటుంది, నేనేమో తాతయ్యకి మొక్కలంటే ఇష్టం అనుకున్నా. మన పెరట్లో సన్నజాజి ఎప్పుడుందిరా, అది నేనే, వేళకి తినమని చెప్పడం అంది అమ్మమ్మ. ఎంత మంచి స్కానర్ పెట్టినా ఆ మాట దొరికేదా చెప్పండి.

ఇంకోటి, మా వాటిల్లో డిసెంబరు 2 తర్వాత మళ్ళీ 21దే ఉంది. 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, రేడియోలో విని ఊరంతా సంబరం, అమ్మమ్మకి మాత్రం మనిషి ఉన్నాడో లేడో తెలీదు. రోజూ పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినపడగానే లోపలికి వెళ్ళిపోయేదంట, టెలిగ్రామ్ ఏమోనని భయం. ఆ పంతొమ్మిది రోజులకి మా దగ్గర కాగితం ఏదీ లేదు, అమ్మమ్మ గొంతే ఉంది, నలభై నిమిషాలు. ఉత్తరాల వెనక పెన్సిల్‌తో వరసగా నంబర్లు వేశాను, ఆ రికార్డింగు ఫైలుకి కూడా 2వ తేదీ ఉత్తరానికీ 21వ తేదీదానికీ మధ్య ఒక నంబరు వేసి, ఆవిడ మాటలన్నీ రాసి ఫోల్డర్లో అక్కడే పెట్టాను.